తుప్పు పైన, ముప్పు కింద: సూపర్‌క్రిటికల్ సీఓటూలో మిశ్రలోహాలు

తొమ్మిది శాతం క్రోమియం ఉన్న టీ91 ఉక్కు ముక్కను 550 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 250 బార్ల పీడనమున్న కార్బన్ డయాక్సైడ్‌లో వెయ్యి గంటలు ఉంచి, బయటికి తీసి, అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే పైన రెండు పట్టీలు కనిపిస్తాయి. మొదటిది ముదురు బూడిద రంగు మాగ్నటైట్ అనే ఇనుము ఆక్సైడ్. దాని నెత్తిన అక్కడక్కడా పల్చగా హెమటైట్ అనే ఇంకో ఇనుము ఆక్సైడ్ ఉంటుంది. రెండో పట్టీ ఇనుము, క్రోమియం కలిసిన స్పినెల్ ఆక్సైడ్. అందులో సన్నసన్నని రంధ్రాలుంటాయి. రెండు పట్టీల మందం ఇంచుమించు సమానం. వాటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టుండే హద్దే ఒకప్పటి ఉక్కు ఉపరితలం. స్పినెల్ కింద లోహం తెల్లగా, మచ్చ లేకుండా మెరుస్తుంది. అక్కడితో ఆగి, పొర మందం కొలిచి, నివేదిక రాసేసి ముక్కను పక్కన పెట్టేయవచ్చు. చాలాచోట్ల జరిగేదీ అదే. అదే ముక్క మీద లోహం లోపలి నిర్మాణాన్ని బయటపెట్టే విలెల్లా ద్రావకం రాసి కొన్ని సెకన్లు ఆగితే మాత్రం స్పినెల్ అడుగు నుంచి లోపలికి వంద మైక్రాన్లు దాటి లోహం నల్లబడుతుంది. ఆ నలుపు కార్బైడ్లది, అంటే లోహంతో కలిసిపోయిన కార్బన్‌ది.

పై రెండు పట్టీలు నీటి ఆవిరిలోనూ ఏర్పడతాయి. థర్మల్ స్టేషన్ల బాయిలర్ ట్యూబుల్లో అర్ధ శతాబ్దంగా చూస్తున్నవే. అడుగునున్న నలుపు మాత్రం సీఓటూ సొంతం. ఈ వాయువులో ఏ లోహం ఎంతకాలం నిలుస్తుందన్నది ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది.

కరెంటు తీసే టర్బైన్లను తిప్పడానికి ఆవిరికి బదులు సీఓటూను ఎందుకు కోరుకుంటున్నారో ముందు నాలుగు మాటల్లో. 31 డిగ్రీలు, 73.8 బార్లు దాటాక కార్బన్ డయాక్సైడ్ ద్రవమూ కాదు, వాయువూ కాదు. ఆ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. తెలుగు మీడియం పుస్తకాల్లో సందిగ్ధ ఉష్ణోగ్రత, సందిగ్ధ పీడనం అని చదువుకున్నవి ఈ రెండే. ఆ బిందువుకు దగ్గర్లో దాని సాంద్రత ద్రవానికి చేరువగా ఉంటుంది కాబట్టి కంప్రెసర్‌కు పని తక్కువ. టర్బైన్ దగ్గర వేడెక్కాక వాయువులా వ్యాకోచిస్తుంది. ఆవిరి టర్బైన్ హాలంత ఉండే చోట టర్బైన్ రోటర్ ఒక మేజా మీద పట్టేంత చిన్నదవుతుంది. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 10 మెగావాట్ల ప్రయోగ కేంద్రాన్ని 715 డిగ్రీల టర్బైన్ ప్రవేశ ఉష్ణోగ్రతకు రూపొందించారు. 2024లో దాని తొలిదశ పరీక్షలు 500 డిగ్రీల దగ్గర పూర్తయ్యాయి. ఆ 500కీ ఈ 715కీ మధ్య ఉన్న దూరం ప్రధానంగా లోహాలది. 500 దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలుతో నెట్టుకురావచ్చు. 715 దగ్గర నికెల్ మిశ్రలోహాలు తప్ప దారి లేదు, వాటి ధర స్టెయిన్‌లెస్ ధరకు ఎన్నో రెట్లు.

కార్బన్ లోపలికి ఎలా చేరుతుందో చూద్దాం. బయట ఉన్నప్పుడు ఈ వాయువు కార్బన్ ఇచ్చే రకమే కాదు. 600 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన సీఓటూలో కార్బన్ యాక్టివిటీ (కార్బన్ లోహంలోకి దిగడానికి ఎంత తొందరపడుతుందో చెప్పే కొలత) లెక్క కడితే 10⁻¹⁵ స్థాయిలో వస్తుంది. గ్రాఫైట్‌కు ఈ విలువ 1. అంటే వాయువును నేరుగా శుభ్రమైన లోహానికి తాకించి, ఆక్సైడ్ పుట్టకుండా ఆపగలిగితే, లోహంలో ఉన్న కార్బనే బయటికి పోవాలి. ఆక్సైడ్ పుట్టడంతోనే లెక్క తారుమారవుతుంది. పొర పైన ఆక్సిజన్ ఎక్కువ. పొర అడుగున, లోహాన్ని ఆనుకున్న చోట, ఆక్సిజన్ పీడనాన్ని నిర్ణయించేది లోహమూ దాని ఆక్సైడూ కుదుర్చుకున్న సమతాస్థితి. అక్కడ ఆక్సిజన్ దాదాపు శూన్యం. పొరలోని సందుల గుండా అక్కడికి చేరిన సీఓటూ తన ఆక్సిజన్‌ను లోహానికి అప్పగించి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. రెండు మోనాక్సైడ్ అణువులు కలిసి ఒక సీఓటూను, ఒక కార్బన్ పరమాణువును విడుస్తాయి. ఇదే బుడువార్ చర్య. 600 డిగ్రీల దగ్గర, ఇనుము ఆక్సైడ్ అడుగున, వాయువు పీడనం మొత్తం ఒక్క బారే అనుకున్నా కార్బన్ యాక్టివిటీ 7 దాకా వస్తుంది. పైన 10⁻¹⁵, పట్టుమని పాతిక మైక్రాన్లు దిగేసరికి 7. క్రోమియం ఆక్సైడ్ అడుగునైతే కాగితం మీద లెక్క ఇంకా భయపెడుతుంది. అదృష్టవశాత్తూ ఆ పొర గుండా వాయువు అంత సులువుగా దిగదు.

కాబట్టి రక్షణ కోసం ఏర్పడే పొరే కార్బన్ పుట్టడానికి కావలసిన పరిస్థితిని సమకూరుస్తోంది. పొర బాగా ఒత్తుగా ఉంటే కాపాడుతుంది. సందులుంటే చాప కింద నీరులా కార్బన్‌ను లోపలికి దించుతుంది.

బ్రిటన్ ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1956లో మొదలైన కాల్డర్ హాల్ నుంచి అక్కడి అణు రియాక్టర్లను సీఓటూతోనే చల్లబరిచారు. 1968లో బ్రాడ్‌వెల్ స్టేషన్‌లో మైల్డ్ స్టీలు బోల్టుల సంగతి బయటపడింది. బోల్టు సన్నబడి తెగిపోవడం కాదు అక్కడ జరిగింది. ఇనుము మాగ్నటైట్‌గా మారితే దాని ఘనపరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. నట్టుకూ వాషరుకూ మధ్య, వాషరుకూ పలకకూ మధ్య సందుల్లో పేరుకున్న ఆక్సైడ్ జాకీలా పైకి లేచి బోల్టును సాగదీసింది. ఆ సాగుడుకే బోల్టులు తెగాయి. ఆ తర్వాత మాగ్నాక్స్ అని పిలిచే ఆ తొలితరం స్టేషన్లలో వాయువు ఉష్ణోగ్రతను 360 డిగ్రీల దరికి దించారు. ఉష్ణోగ్రత దించితే కరెంటూ తగ్గుతుంది, ఆ నష్టాన్ని స్టేషన్లు మూసేదాకా భరించారు. డిజైన్ లెక్కల్లో ఉపరితలం నుంచి ఎంత లోహం పోతుందో చూశారే గానీ, బిగించిన జాయింట్ల సందులో ఆక్సైడ్ ఎంత ఉబ్బుతుందో చూడలేదు. ఇవాళ్టికీ సీఓటూ లూపులు కట్టేవాళ్లు ఫ్లాంజ్ బోల్టుల దగ్గర ఈ లెక్క వేయడం మరిచిపోతుంటారు.

తర్వాతి తరం ఏజీఆర్ రియాక్టర్లలో వాయువు 40 బార్లు, 640 డిగ్రీల దాకా వెళ్లింది. బాయిలర్లలో వేడి తక్కువున్న భాగాలకు తొమ్మిది క్రోమియం ఉక్కు, వేడి ఎక్కువున్న భాగాలకు 316 రకం స్టెయిన్‌లెస్ వాడారు. తొమ్మిది క్రోమియం ఉక్కు దశాబ్దాల పాటు బుద్ధిగా, వర్గమూల సూత్రం ప్రకారం (పొర మందం కాలం వర్గమూలానికి అనుపాతంలో) మందమెక్కుతూ పోయి, ఉన్నట్టుండి కట్టు తెంచుకుంటుంది. అప్పటినుంచి పొర పెరుగుదల కాలానికి సూటి అనుపాతంలో సాగుతుంది. ఇంగ్లండ్‌లో దీనికి బ్రేక్‌అవే అని పేరు పెట్టారు, అదే అందరికీ అలవాటైంది. కారణం మళ్లీ కార్బనే. పొర అడుగున పుట్టిన కార్బన్‌ను మొదట ఉక్కు మింగుతుంది. క్రోమియం కార్బైడ్లుగా మార్చుకుంటుంది. మింగగలిగినంత మింగాక, ఇక చోటు లేక, కార్బన్ ఆక్సైడ్ పొరలోనే పేరుకోవడం మొదలెడుతుంది. లోపలి స్పినెల్ గుల్లబారుతుంది. గుల్లబారిన పొర వాయువును ఆపలేదు.

ఇక్కడే మందం ముఖ్యమవుతుంది. 25 మిల్లీమీటర్ల పలక కార్బన్‌తో నిండడానికి పట్టే కాలం వేరు, ఒక మిల్లీమీటరు ఫిన్ను (వేడి బాగా అందుకోవడానికి ట్యూబుకు పెట్టే పల్చటి రెక్క) నిండడానికి పట్టే కాలం వేరు. బాయిలర్ ట్యూబుల మీద ఫిన్నులు, అంచులు, మూలలు ముందుగా బ్రేక్‌అవేకు లోనయ్యేది అందుకే. అక్కడ వాయువు రెండు వైపుల నుంచీ దిగుతుంది, దాచుకోవడానికి లోహమేమో తక్కువ. వెయ్యి గంటల పరీక్షలో పది మిల్లీమీటర్ల ముక్క చెక్కుచెదరలేదని చూపించి, అదే ఉక్కుతో అర మిల్లీమీటరు గోడలు కట్టడం సీఓటూ విషయంలో చెల్లదు. పరీక్ష ముక్క మందం, వాడబోయే గోడ మందం కలిపి రాయని ఫలితాన్ని పక్కన పెట్టడమే మంచిది.

సూపర్‌క్రిటికల్ సీఓటూ చక్రంలో, అంటే వాయువు కంప్రెసర్, హీటర్, టర్బైన్ల గుండా మళ్లీ మళ్లీ తిరిగే వలయంలో, ఉండేవి సరిగ్గా ఆ పల్చటి గోడలే. టర్బైన్ నుంచి బయటికొచ్చే వాయువులో ఇంకా బోలెడు వేడి ఉంటుంది. దాన్ని చల్లటి వైపుకు అప్పగించే రిక్యూపరేటర్లు లేకపోతే ఈ చక్రం గిట్టుబాటు కాదు. వాటిలో చేతులు మారే వేడి కేంద్రం ఇచ్చే కరెంటుకు కొన్ని రెట్లు ఉంటుంది. అంత ఉపరితలాన్ని చిన్న చోటులో ఇమడ్చడానికి ప్రింటెడ్ సర్క్యూట్ ఎక్స్ఛేంజర్ వాడతారు. పల్చటి స్టీలు రేకుల మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల కాలువలను రసాయనంతో తొలిచి, రేకుల్ని దొంతరగా పేర్చి, వేడి చేసి ఒత్తితే అవి కరగకుండానే అతుక్కుని ఒకే దిమ్మ అవుతాయి. కాలువకూ కాలువకూ మధ్య గోడ చాలాచోట్ల మిల్లీమీటరు లోపే.

ఆ గోడ మీద ఒక లెక్క వేసి చూద్దాం. ఉక్కు వెయ్యి గంటల్లో చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము బరువెక్కిందనుకుందాం. అదంతా మాగ్నటైట్‌లోని ఆక్సిజనే అయితే పొర మందం 7 మైక్రాన్లు, పోయిన లోహం 3.3 మైక్రాన్లు. ముప్పై ఏళ్ల ఆయుష్షంటే, కేంద్రం ఆగి ఉండే కాలం తీసేస్తే, సుమారు రెండు లక్షల గంటలు. వర్గమూల సూత్రం నిలిస్తే 200కు వర్గమూలం 14, కాబట్టి పొర వంద మైక్రాన్లు. అందులో సగం పాత ఉపరితలానికి పైకి, కాలువలోకి చొచ్చుకొస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల కాలువ 1.4 అవుతుంది. అదే ప్రవాహాన్ని నెట్టడానికి పీడన నష్టం వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, నష్టం 40 శాతం పెరుగుతుంది. కంప్రెసర్ తక్కువ పని చేస్తుందని మురిసి మొదలెట్టిన చక్రంలో ఇది చిన్న దెబ్బ కాదు. గోడ సంగతికొస్తే రెండు వైపులా కలిపి 94 మైక్రాన్ల లోహం పోతుంది. అర మిల్లీమీటరు గోడలో ఐదో వంతు. ఇదంతా వర్గమూల సూత్రం చివరిదాకా నిలిస్తేనే. మొదట్లోనే బ్రేక్‌అవే వచ్చి పెరుగుదల సూటిరేఖలో పడితే 14 రెట్లు కాదు, 200 రెట్లు. అంటే ఒక్కో వైపు 660 మైక్రాన్లు, ఆ లెక్కకు గోడే మిగలదు.

ఇనుము ఆక్సైడ్‌ను నమ్ముకున్న ఉక్కులకు హద్దులు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. టీ91, టీ92లను జాగ్రత్తపరులు 500 డిగ్రీల లోపే ఉంచుతారు. పల్చటి గోడలకైతే 450 దాటనివ్వరు. ఆవిరిలో ఇవే ఉక్కులు 600 దగ్గర కూడా పని చేస్తున్నాయి కదా అన్న ప్రశ్న మన దగ్గర తరచూ వస్తుంది, మన సూపర్‌క్రిటికల్ థర్మల్ స్టేషన్లలో మెయిన్ స్టీమ్ పైపులు పీ91వే (టీ91 ఉక్కునే పైపుగా చేస్తే ఆ పేరు) కాబట్టి. అక్కడ గోడలు మందం, లోపలికి దిగేది హైడ్రోజన్. అది కార్బైడ్లు పెట్టదు. అనుభవం ఆవిరిది, వాడకం సీఓటూలో అంటే పొంతన కుదరదు. ఉక్కులో సిలికాన్ ఎంతుందన్నది కూడా చూడాలి. తొమ్మిది క్రోమియం ఉక్కుల్లో సిలికాన్ తక్కువున్నవి ముందుగా కట్టు తెంచుకుంటాయని ఏజీఆర్ అనుభవం చెప్పింది. ప్రామాణిక నిర్దేశం అనుమతించే సిలికాన్ పరిధి వెడల్పుగా ఉంటుంది. మిల్ సర్టిఫికెట్‌లో ఆ అంకె చూడకుండా ఉక్కు కొనడం లాటరీ టికెట్ కొనడమే.

316, 347 రకం ఆస్టెనైట్ (ఉక్కు స్ఫటిక రూపాల్లో ఒకటి) స్టెయిన్‌లెస్‌ల ప్రవర్తన మరీ చపలం. కొన్నిచోట్ల ఒక మైక్రాను కూడా లేని క్రోమియం ఆక్సైడ్, పక్కనే పుట్టకురుపుల్లా ఇనుము ఆక్సైడ్ బుడిపెలు. కాలం గడిచేకొద్దీ బుడిపెలు విస్తరించి ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. ముక్కకు పైన పనితనం ఎలా చేశారన్నదాన్ని బట్టి ఇవి ఎంత త్వరగా వస్తాయో ఉంటుంది. 600 గ్రిట్ కాగితంతో రుద్దిన ముక్క బాగా నిలుస్తుంది, ఎందుకంటే రుద్దుడుకు పైపొర నలిగి, ఆ నలిగిన దారుల్లో క్రోమియం చురుగ్గా పైకొస్తుంది. అదే ఉక్కును ఆమ్లంతోనో ఎలక్ట్రో పాలిష్‌తోనో సాఫు చేస్తే ఆ దారులు పోయి, బుడిపెలు ముందే లేస్తాయి. ప్రయోగశాలలో పరీక్షించేది దాదాపు ఎప్పుడూ రుద్దిన ముక్కనే. ఎక్స్ఛేంజర్ కాలువలు మాత్రం రసాయనంతో తొలిచినవి, పైగా అతికేటప్పుడు బాగా వేడెక్కి మెత్తబడినవి. ఈ రెండింటి మధ్య తేడాను పట్టించుకున్న డిజైన్లు తక్కువ.

ఆస్టెనైట్‌కు ఒక సానుకూలత ఉంది. 600 డిగ్రీల దగ్గర ఫెరైట్‌లో, అంటే టీ91 తరహా ఉక్కుల స్ఫటిక రూపంలో, కార్బన్ వెయ్యి గంటల్లో మిల్లీమీటర్ల దూరం నడవగలదు. ఆస్టెనైట్‌లో అదే వ్యవధికి మిల్లీమీటరులో మూడో వంతు. దారిలో క్రోమియం పట్టుకుని కార్బైడ్ చేస్తుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. అందువల్ల కార్బన్ లోతుగా పోకుండా ఉపరితలం దగ్గరే గుమిగూడుతుంది. దీనికీ ఒక మూల్యం ఉంది. పైపొర గట్టిపడి పెళుసవుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. రోజూ వేడెక్కుతూ చల్లారుతూ ఉండే భాగంలో ఆ పెళుసు పొర ముందు పగులుతుంది. పగులు కొన దగ్గర వాయువు మళ్లీ కొత్త లోహాన్ని చూస్తుంది. ఈ చక్రాన్ని ఎండ వేడితో నడిపే సోలార్ కేంద్రం రోజుకోసారి ఆగి మొదలవుతుంది, కాబట్టి ఈ బాధ అక్కడే ఎక్కువ.

నికెల్ మిశ్రలోహాలకు వస్తే మాట్లాడాల్సింది తక్కువ, ఖర్చు పెట్టాల్సింది ఎక్కువ. 617, 625, 230, 740హెచ్, 282 అన్నిటిలోనూ 20 శాతం పైబడో దాని దరిదాపుల్లోనో క్రోమియం ఉంటుంది. 740హెచ్‌లో 24 దాటుతుంది. 700, 750 డిగ్రీల దగ్గర వేల గంటల తర్వాత కూడా వీటి బరువు పెరుగుదల చదరపు సెంటీమీటరుకు మిల్లీగ్రాములో చిన్న భిన్నమే. పొర ఒకటి రెండు మైక్రాన్ల క్రోమియం ఆక్సైడ్. పీడనం ఒక బార్ నుంచి 300 బార్లకు పెంచినా పెద్దగా తేడా కనిపించదు. టెనెసీలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ఈ పరీక్షలు ఏళ్ల తరబడి జరిగాయి. నికెల్‌లో కార్బన్ కరిగే పరిమాణం తక్కువ కావడమూ కలిసొస్తుంది. అల్యూమినియం, టైటానియం ఉన్న 282, 740హెచ్‌లలో క్రోమియం పొర కింద లోహపు స్ఫటిక రేణువుల హద్దుల వెంట అల్యూమినియం ఆక్సైడ్ వేళ్లలా లోపలికి పాకుతుంది. పైపొర కన్నా ఆ వేళ్ల లోతే ఎక్కువ. వాటిని కొలవాలి, గోడ మందం నుంచి తీసేయాలి. ఇవే మూలకాలు రేకుల్ని దొంతరగా అతికేటప్పుడూ అడ్డొస్తాయి. అతుకు గీత పొడవునా వాటి ఆక్సైడ్లు వరసకట్టి, రేణువులు గీత దాటి పెరగకుండా ఆపుతాయి.

క్రోమియం ఆక్సైడ్ కూడా కార్బన్‌కు పూర్తి గోడ కాదు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ యంగ్ బృందం ఆ పొరను పరమాణు స్థాయిలో పరిశీలించినప్పుడు, ఆక్సైడ్ రేణువుల హద్దుల వెంట కార్బన్ కనిపించింది. అంటే వాయువు దిగే దారి రేణువుల మధ్య సందే, రేణువు పొట్ట కాదు. ఆ సందును మూసేది ఏదైనా పనికొస్తుంది. లోహంలో సిలికాన్ ఉంటే క్రోమియం పొర కింద గాజులాంటి పల్చటి సిలికా ఏర్పడి కార్బన్‌ను చాలావరకు నిలువరిస్తుంది. వాయువులో కొద్దిపాటి గంధకం ఉన్నా అది సందుల గోడల్ని ఆక్రమించుకుని కార్బన్‌కు చోటివ్వదు. గంధకం కలిపిన వాయువుతో కేంద్రం నడపాలని ఎవరూ అనరు. కానీ స్వచ్ఛమైన వాయువే అన్నిటికన్నా సౌమ్యమైనదన్న నమ్మకం తప్పని ఇది చూపిస్తుంది.

పరీక్షల విషయం కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే తప్పుడు ముగింపులు ఎక్కువగా పుట్టేది అక్కడే. మామూలు కూపన్, అంటే పరీక్ష ముక్క, కొలతలు 20, 10, 1.5 మిల్లీమీటర్లు. ఉపరితలం 4.9 చదరపు సెంటీమీటర్లు, బరువు రెండున్నర గ్రాములకు కాస్త తక్కువ. చదరపు సెంటీమీటరుకు 0.1 మిల్లీగ్రాము పెరుగుదల అంటే ముక్క మొత్తానికి అర మిల్లీగ్రాము. మిల్లీగ్రాములో వందో వంతు చూపే త్రాసు కావాలి, వేలిముద్ర జిడ్డు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే అసిటోన్, ఆపై ఇథనాల్‌లో అల్ట్రాసోనిక్‌గా కడిగి, ఆరబెట్టి, మూడుసార్లు తూచి సగటు తీస్తారు. కూపన్లను ఒకదానికొకటి తగలకుండా అల్యూమినా కడ్డీకి వేలాడదీస్తారు. ఉక్కు కూపన్లను, నికెల్ కూపన్లను ఒకే ఆటోక్లేవ్‌లో (వేడి, పీడనం తట్టుకునే మూత పాత్రలో) కలిపి పెట్టకపోవడం మేలు. ఉక్కు నుంచి ఊడిన ఇనుము ఆక్సైడ్ పొడి నికెల్ ముక్కల మీద పడి బరువు పెంచుతుంది.

ఆటోక్లేవ్‌ను మొదట ఖాళీ చేసి, సీఓటూతో రెండు మూడుసార్లు నింపి వదిలి, లోపలి గాలిని, తేమను వెళ్లగొట్టాలి. పరిశోధన గ్రేడు వాయువు 99.999 శాతం శుద్ధం. వెల్డింగ్ షాపు సిలిండర్‌లో తేమ పదుల పీపీఎంలు ఉండవచ్చు. రెండింటితోనూ పరీక్షించాలి, కేంద్రంలో నిండేది రెండోదే కాబట్టి. వాయువు పారుతూ ఉండాలి. మూసిపెట్టిన పాత్రలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని పరిస్థితే మారిపోతుంది. 500 గంటలకోసారి చల్లార్చి తూచడం రివాజు. చల్లార్చేటప్పుడు పీడనాన్ని నెమ్మదిగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే వాయువు గడ్డకట్టి పొడిమంచు అవుతుంది. ఆ చలి తగిలి సన్నని ఆక్సైడ్ పెచ్చులూడుతుంది. సీళ్ల రబ్బరులో ఇంకిన సీఓటూ బయటికొచ్చే తొందరలో ఓ-రింగు బుడగలెత్తి చీలుతుంది. లోహాల పరీక్ష ఆగిపోవడానికి లోహం కన్నా ఈ రబ్బరే ఎక్కువసార్లు కారణమవుతుంది.

అన్నీ సవ్యంగా చేసినా బరువు ఒక్కటే చూస్తే అసలు విషయం జారిపోతుంది. 1.5 మిల్లీమీటర్ల ముక్కలో కార్బన్ 0.01 శాతం పెరిగిందనుకుందాం. 0.08 శాతం కార్బన్ ఉండే ఉక్కుకు ఇది ఎనిమిదో వంతు ఎక్కువ. ఇది మొత్తం బరువులో చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీగ్రాముగా తేలుతుంది. ఆక్సిజన్ వల్ల కొన్ని మిల్లీగ్రాములు పెరిగిన ఉక్కు ముక్కలో దాన్ని వేరుచేసి చూడడం కుదరదు. పెచ్చు ఊడితే ఇంకా మోసం. బరువు తగ్గి, గ్రాఫు చదునై, లోహం కుదురుకున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ప్రతి మజిలీలో కనీసం ఒక ముక్కను బలివ్వాలి. ఆక్సైడ్ రాలకుండా ముందు రాగి పూత పెట్టి, రెజిన్‌లో పొదిగి, కోసి, పాలిష్ చేయాలి. ఆ తర్వాత ఉపరితలం నుంచి లోపలికి మైక్రో హార్డ్‌నెస్ కొలుస్తూ పోవాలి. కార్బన్ ఎంత లోతు దిగిందో ఈ గట్టిదనం గ్రాఫే అన్నిటికన్నా చవగ్గా చెబుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌తో కార్బన్ కొలిచేటప్పుడు రెజిన్ కార్బనే, పాలిషింగ్ వజ్రం కార్బనే, పంపు నూనె ఆవిరీ కార్బనే. పక్కన తెలిసిన ప్రమాణం పెట్టకుండా తీసిన అంకెకు విలువ లేదు. ఇంకో ముక్కను మొత్తంగా మండించి కార్బన్ శాతం తీస్తే రెండూ సరిచూసుకోవచ్చు. గది ఉష్ణోగ్రతలో లాగి చూసే పరీక్ష కూడా చేయాలి. వేడిలో బాగానే సాగే 316 ముక్క, కార్బన్ దిగాక, చల్లటి స్థితిలో పెళుసుగా తెగుతుంది. కేంద్రం ఆగి ఉన్నప్పుడు, మరమ్మతు సమయంలో, పగిలేది ఇలాంటి భాగాలే.

ఊడిన పెచ్చులు ఎక్కడికో పోవు. 200 బార్ల సీఓటూ ఆవిరి కన్నా చాలా చిక్కన, దాంతో పాటు రేణువులూ వేగంగా కొట్టుకుపోతాయి. అమెరికాలోని సాండియా ప్రయోగశాల లూపులో టర్బైన్ నాజిల్, బ్లేడ్లు అరిగిన సంగతి బహిరంగంగానే నమోదైంది. కట్టేటప్పుడు మిగిలిన చెత్త, పైపుల నుంచి ఊడిన ఆక్సైడ్ అనుమానితుల్లో ఉన్నాయి. కొత్త లూపులో పైపులన్నీ ఆమ్లంతో కడిగి, టర్బైన్ ముందు సన్నని జల్లెడ పెట్టి, మొదటి కొన్ని వందల గంటలు టర్బైన్‌ను పక్కదారి పట్టించి వాయువును తిప్పడం మంచి అలవాటు. ఆమ్లంతో కడిగితే బుడిపెలు ముందే లేస్తాయని పైన చెప్పుకున్నదానికి ఇది ఎదురుపోతుంది. రెండు నష్టాల్లో టర్బైన్ బ్లేడు పోవడమే పెద్దది.

ఖర్చును అదుపులో పెట్టేది చివరికి ఉష్ణోగ్రతల పంపకం. టర్బైన్ ప్రవేశం 700 పైన ఉన్నా బయటికొచ్చే వాయువు 600 లోపుకు దిగేలా పీడన నిష్పత్తి ఎంచుకుంటే, పెద్ద రిక్యూపరేటర్‌లో వేడి వైపు కొస మాత్రమే అంత వేడిని చూస్తుంది. దాన్ని రెండు దిమ్మలుగా విడగొట్టి, వేడి దిమ్మను నికెల్ మిశ్రలోహంతోనో 25 శాతం క్రోమియం ఉన్న 310 రకంతోనో, చల్లటి దిమ్మను 316తో కట్టవచ్చు. హీటర్ ట్యూబులు, టర్బైన్‌కు వెళ్లే పైపు 740హెచ్ లేదా 617. ఒక లోహం నుంచి ఇంకోదానికి మారే వెల్డు ఎక్కడ పడుతుందో ముందే తేల్చుకోవాలి. క్రోమియం ఎక్కువున్న వైపుకు కార్బన్ వలసపోయి, తక్కువున్న వైపు వెల్డు అంచున మెత్తటి పట్టీ మిగులుతుంది. సీఓటూ పోసే కార్బన్ దీనికి అదనం. ఆ వెల్డును 500 డిగ్రీల లోపున్న చోటికి జరపగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది.

మన దగ్గర దీనికి కావలసిన లోహాల్లో కొంత పని ఇప్పటికే జరిగింది, వేరే అవసరం కోసం. 710 డిగ్రీల ఆవిరితో నడిచే అడ్వాన్స్‌డ్ అల్ట్రా సూపర్‌క్రిటికల్ థర్మల్ కేంద్రం కోసం కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, బీహెచ్ఈఎల్, ఎన్టీపీసీ కలిసి చేపట్టిన కార్యక్రమంలో 617 రకం నికెల్ మిశ్రలోహం, రాగి కలిపిన 304 రకం స్టెయిన్‌లెస్ ట్యూబులు దేశంలోనే తయారయ్యాయి. కరిగించి పోసింది హైదరాబాద్‌లోని మిధాని, ట్యూబులుగా లాగింది అదే ఊళ్లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్. 617 సీఓటూలోనూ నిలిచే రకమే. ఆ 304 రకం ట్యూబును మాత్రం ఆవిరి ఫలితాలు చూసి సీఓటూ లూపులో బిగించకూడదు. దాన్లో క్రోమియం 18 శాతం దగ్గర ఆగుతుంది. కాబట్టి వాడబోయే మందంలో, వాడబోయే ఉపరితలంతో ముక్కలు చేసి, 550, 600, 650 డిగ్రీల దగ్గర కనీసం ఐదువేల గంటలు సీఓటూలో ఉంచి, కోసి, విలెల్లాకు బదులు స్టెయిన్‌లెస్‌లో కార్బైడ్లను చూపే మురకామి ద్రావకం రాసి, అడుగున రంగు తేలిందో లేదో చూశాకే దాని మాట.